సంక్రాంతి సెలవులల్ల బాపట్ల దిక్కు ఉప్పుటేర్లల్ల గాలం: మన సాగర్ సామాను పనికొస్తదా?

హాలియా_గాలం

అన్నలందరికి నమస్తే. సంక్రాంతికి నలుగురం కలిసి బాపట్ల, నిజాంపట్నం దిక్కు 3 రోజులు పోదామనుకుంటున్నం. పడవ ఎక్కుడు లేదు. ఒడ్డు మీదికెళ్ళి, లేదంటే మోకాల్లోతు నీళ్ళల్ల నిలబడి వేస్తం. ఇప్పటిదాక మాది సాగర్ ఎడమ కాలువ, వాడపల్లి కాడ కృష్ణ. పిండి ముద్ద, వానపాములు, బెండు. బొచ్చె, రోహు, జెల్ల. ఉప్పునీళ్ళు మాకు పూర్తిగ కొత్త.

సామాను ఇది: 7 అడుగుల ఫైబర్ రాడ్, 4000 సైజు రీలు, 0.40 మిల్లీమీటర్ల తంగూసు (నైలాన్ దారం), 6 నంబరు నుంచి 1 నంబరు దాక గాలాలు, సీసం గుండ్లు.

అడిగేది ఏందంటే, చలికాలంల పండుగప్ప చేప తగుల్తదా? మనం సాగర్ల వేసినట్టు తెల్లారుజామున 5 గంటలకే పోవాల్నా? పిండి ముద్ద పనిచేస్తదా, రొయ్య పెట్టాల్నా? రీలు ఉప్పుకు ఖరాబైతదంటున్నరు, నిజమేనా? జర వివరంగ చెప్పున్రి.

మూసీ_ఒడ్డు

తమ్మీ, సామాను సంగతి తర్వాత. ముందు టైము సంగతి. సాగర్ల నీళ్ళు గేట్లను బట్టి దిగుతయి, ఎక్కుతయి. బాపట్ల దిక్కు రోజుకు రెండుసార్లు పోటు (నీళ్ళు ఎక్కుడు), రెండుసార్లు పాటు (దిగుడు). ఒక పోటు నిండినంక పాటు అడుగంటేదానికి 6 గంటల పైన కొన్ని నిమిషాలు పడ్తది. ఇయ్యాల 12 గంటలకు నిండితే రేపు 12.50 దగ్గర నిండుతది, రోజుకు సుమారు 50 నిమిషాలు వెనకకు జరుగుతది. అమావాస్య, పున్నమి దాటిన ఒకటి రెండు రోజులకు నీళ్ళు బాగ ఎక్కి బాగ దిగుతయి. అష్టమి కాడ మందంగ ఉంటది. ఆ తీరంల పెద్ద పోటుకైనా తేడా మీటరు పైన కొంచమే. కాని ఆ బురద మైదానం చాప పరిచినట్టు ఉంటది కాబట్టి ఆ మీటరే ఫర్లాంగుల కొద్ది నేలను ముంచి తేలుస్తది.

ఇగ నీ తెల్లారుజాము ప్రశ్న. చలికాలంల అది తప్పు లెక్క. లోతు తక్కువున్న నీళ్ళు రాత్రంత చల్లబడి తెల్లారేసరికి బాగ సల్లగైతయి. పండుగప్ప వేడి కోరే చేప. నీళ్ళు 22 డిగ్రీల దగ్గరకు దిగినయంటే లోతు మడుగుల అడుగున పండుకుంటది, ముక్కు ముందుకు పోయింది తప్ప ముట్టదు. అదే నల్ల బురద మీద పొద్దున పోటుకు ఎక్కిన నీళ్ళు నాలుగు గంటలు ఎండకు కాగినయనుకో, మధ్యాహ్నం పాటుకు ఆ వెచ్చటి నీళ్ళే పిల్లకాలువల గుండ పెద్ద ఏట్లకు దిగుతయి. రొయ్యలు, చిన్న కత్తిపరిగె చేపలు వాటెంబడే కొట్టుకొస్తయి. పండుగప్ప ఆ పిల్లకాలువ మూతి కాడ కాపు కాస్తది.

అందుకని పంచాంగం, పోటుపాట్ల పట్టిక రెండూ ముందు పెట్టుకొని, పోటు మధ్యాహ్నం 11 నుంచి 1 మధ్యల నిండే రోజులు వెతుకు. పక్షానికి రెండు మూడు రోజులే వస్తయి అట్లాంటివి. ఆ రోజు 2 నుంచి పొద్దుగూకే దాక నీ పని. పండుగ సెలవులు ఆ రోజులల్ల పడకుంటే, నా మాటైతే సెలవు జరుపుకో, పోటును జరపలేవు.

పట్టికల టైము హార్బరుది. ఏరు వెంట లోపలికి పోయినకొద్ది పోటు ఆలస్యంగ చేరుతది, కొన్ని చోట్ల గంట పైనే. గాలి గట్టిగ సముద్రం మీంచి కొడితే నీళ్ళు దిగుడు ఇంకా లేటైతది. పోయినంక ఒక కట్టెను నీటి అంచున గుచ్చి పావుగంట చూడు, నీ జాగకు నిజమైన టైము అదే చెప్తది.

సోమశిల_రేవు

పైన అన్న చెప్పిన దానికి ఇంకొక లెక్క. 6 గంటల పాటుల నీళ్ళు సమానంగ దిగయి. మొదటి గంట 12 వంతులల్ల ఒక వంతు, రెండో గంట రెండు వంతులు, మూడు నాలుగు గంటలల్ల మూడేసి వంతులు, మళ్ళ రెండు, ఒకటి. అంటే నడిమి రెండు గంటలల్ల సగం నీళ్ళు పోతయి. అప్పుడు ప్రవాహం దబదబ ఉంటది, తేలిక గాలం అడుగుకు చేరదు, 14 గ్రాముల జిగ్ హెడ్ (సీసం తల ఉన్న గాలం) పడ్తది. నాలుగో గంట దాటినంక ప్రవాహం నెమ్మదిస్తది, 7 గ్రాములు చాలు. చలికాలంల చేప ఎక్కువ కొట్టేది ఆ చివరి రెండు గంటలల్లనే.

ఎక్కడ వెయ్యాలన్న సంగతి: పిల్లకాలువ నుంచి బురద నీళ్ళు, పెద్ద ఏట్ల నుంచి తేట నీళ్ళు కలిసేకాడ చీర అంచు లెక్క ఒక గీత కనిపిస్తది. గీత మీద వెయ్యకు. తేట దిక్కు రెండు మూడు అడుగులు అవతల వేసి, గీతలకు గుంజుకొని రా. చేప మూతి బురద దిక్కు పెట్టి ఉంటది, ఎర దాని ముందు నుంచి పోవాలె. ఏరు మలుపు తిరిగేకాడ బయటి ఒడ్డు కోసుకపోయి లోతుంటది, పొద్దటి చలిల చేపలు ఉండేది ఆ గుంతలల్లనే. తప్పనిసరై పొద్దున వెయ్యాల్సి వస్తే అక్కడ వెయ్యి.

గుంజే తీరు: 3 లేదా 4 అంగుళాల మెత్తటి రబ్బరు చేప, జిగ్ హెడ్‌కు. విసిరి అడుగు తగిలే దాక ఆగు, దారం వదులైతది, అదే గుర్తు. రాడ్ కొసను ఒక జానెడు లేపు, దించు, నాలుగైదు లెక్కపెట్టు, మళ్ళ జానెడు. మన దిక్కు కొరమీనుకు కప్ప బొమ్మను నీళ్ళ మీద చకచక గుంజినట్టు గుంజితే చలిల ఏదీ ఎంబడి పడదు. ఇంకొకటి, ఎండకాలంల పండుగప్ప "టప్" మని కొడ్తది, చలిల అట్ల కాదు. దారం కొసకు తడిబట్ట చిక్కినట్టు బరువొస్తది, అంతే. ఆ బరువును చెత్త అనుకొని ఊరుకునేటోల్లే ఎక్కువ.

హాలియా_గాలం

అన్నా, ఆ "తడిబట్ట" బరువు 0.40 తంగూసు మీద తెలుస్తదా? అల్లిక దారం కొనాల్నా? పిండి ముద్ద గురించి ఎవరూ చెప్పలే.

పాలమూరు_రీలు

తెల్వదు. తంగూసు సాగుతది. 40 మీటర్ల అవతల ఆ చిన్న బరువు సాగుడులనే కలిసిపోతది. రబ్బరు చేపకు అల్లిక దారం కావాలె, 20 పౌండ్లది, 150 మీటర్లు. ఎరకైతే నీ తంగూసు బేఫికర్, దాన్ని పారెయ్యకు. నలుగురున్నరు కాబట్టి రెండు రాడ్లకు అల్లిక, రెండింటికి తంగూసు పెట్టుకోన్రి.

అల్లిక దారం ఎక్కించేటప్పుడు ఒక్కటి మరువొద్దు. స్పూలు మీద ముందు తంగూసు 10–15 చుట్లు చుట్టి, దానికి అల్లిక కట్టాలె. నేరుగ చుడితే నున్నటి స్పూలు మీద దారం మొత్తం గుండ్రంగ జారుతది, డ్రాగ్ (చేప గుంజితే దారం జారనిచ్చే బిగువు) పాడైందనుకొని రీలు విప్పుతరు.

కొసన 30 నుంచి 40 పౌండ్ల లీడర్ (రాపిడి తట్టుకునే కొస దారం), రెండున్నర అడుగులు. పండుగప్పకు కోర పండ్లు లేవు, నోరు గరుకు కాగితం లెక్క ఉంటది. చెంప మూత అంచు మాత్రం బ్లేడే. కొట్లాటల దారం ఆ అంచుకు రాసుకుంటది. అల్లిక దారం ఒక్క రాపిడికే పోతది. రెండింటిని కలిపేదానికి డబుల్ యూని ముడి చాలు: అల్లిక దిక్కు 8 చుట్లు, లీడర్ దిక్కు 4. బిగించే ముందు ఉమ్మి తడి చెయ్యాలె, పొడిగ గుంజితే వేడికి లీడర్ గుంగురు తిరిగి అక్కడనే తెగుతది. లీడర్ ముడి రింగులల్ల తట్టుకుంటే కొసలు ఇంకా దగ్గరికి కత్తిరించు.

డ్రాగ్ చేత్తో చూసి "గట్టిగనే ఉంది" అనొద్దు. లగేజీ తూచే కొక్కెం తూనిక దారం కొసకు తగిలించి, రాడ్ వంచి గుంజు. 20 పౌండ్ల దారానికి రెండున్నర కిలోల దగ్గర జారాలె. మడ చెట్ల వేర్ల పక్కన వేస్తే మూడు దాక బిగించు, అంతకు పైన వద్దు.

నీ పాత ఫైబర్ రాడ్ రింగులు చూసుకో. దూది ఉండ తీసుకొని ఒక్కొక్క రింగు లోపల తిప్పు, ముఖ్యంగ కొస రింగు. పోగులు చిక్కుకుంటే అక్కడ గీత పడ్డట్టు. తంగూసు ఆ గీతను సైసుతది, అల్లిక దారం 20 విసుర్లకే బొచ్చు లేస్తది. ఆ రాడ్‌కు తంగూసే ఉంచు.

పిండి ముద్ద సంగతి: పండుగప్ప, గొరస, మాగ చేపలు ముట్టవు. కాని కత్తిపరిగె ముడ్తది. గోధుమపిండి, కొంచెం బ్రెడ్ కలిపి కందిగింజంత ఉండ, 10 నంబరు గాలం, పెన్సిలంత సన్న బెండు, రెండడుగుల లోతు. బెండు మునగదు, పక్కకు జరుగుతది, అప్పుడే ఎత్తాలె. దాని నోరు చిన్నగ, మెత్తగ ఉంటది, గట్టిగ గుంజితే చిరిగి ఊడిపోతది. పొద్దటి చలిల మీకు తగిలేది బహుశా ఇదే. అరచెయ్యంత కత్తిపరిగె మధ్యాహ్నానికి పండుగప్ప ఎర కూడా అయితది.

హుజూర్‌నగర్_నుంచి_తీరానికి

ఉద్యోగం వల్ల కొంతకాలంగా బాపట్ల పక్కనే ఉంటున్నాను కాబట్టి రెండు మూడు స్థానిక విషయాలు.

మొదటిది, ఎర. రొయ్యే రాజు. బతికున్న రొయ్యను ఎలా గుచ్చాలన్నదే అసలు. తల మీద రంపంలాంటి ముల్లు ఉంటుంది కదా, దాని వెనక పెంకులోంచి చూస్తే నల్లటి మచ్చ ఒకటి కనబడుతుంది. గాలం ఆ మచ్చకు తగిలిందా, రొయ్య అక్కడికక్కడే చస్తుంది. మచ్చకు ముందు, ముల్లు మొదట్లో, అడ్డంగా పెంకు కింద నుంచి మాత్రమే పోనివ్వాలి. అప్పుడు పావుగంట పైనే ఈదుతుంది. ప్రవాహం గట్టిగా ఉంటే తోక చివరి గంటులో గుచ్చితే జారదు. గాలం 1/0 నుంచి 2/0 (1 నంబరు కన్నా పెద్దవి), సన్న తీగది. లావు గాలం బరువుకే రొయ్య మునిగి కూర్చుంటుంది. సర్కిల్ గాలం (మొన లోపలికి వంగినది) వాడితే కొట్టకండి, దారం బిగిసే దాకా రీలు తిప్పండి చాలు, పెదవి మూలకు అదే దిగుతుంది. సాగర్ అలవాటుకొద్దీ రాడ్ విదిలిస్తే నోట్లోంచి బయటికి వచ్చేస్తుంది.

ఇక్కడ అడుగడుగునా వనామి రొయ్యల చెరువులే కాబట్టి బతికున్న వనామి తేలిగ్గా దొరుకుతుంది. దయచేసి వాటిని బతికుండగా ఏట్లో వేయకండి. చెరువు రోగాలు, ముఖ్యంగా తెల్లమచ్చ, అలాగే ఏట్లోకి, ఏట్లోంచి పక్క చెరువుల్లోకి పాకుతాయి. ఏట్లో వల వేసుకునేవాళ్ళ దగ్గర కొనండి. 20 రొయ్యలకు 10 లీటర్ల బకెట్, బ్యాటరీ గాలి పంపు. నీళ్ళు ఆ ఏటివే పట్టాలి. లాడ్జి కుళాయి నీళ్ళు పోస్తే అయిదు నిమిషాల్లో అన్నీ తేలతాయి. చచ్చిన దాన్ని వెంటనే తీసేయండి, ఒకటి కుళ్ళితే మిగతావి ఆగవు.

రెండోది, చోటు. దిండి అని ఎవరైనా చెబితే దేవరకొండ వైపు ఉన్న మన డిండి ప్రాజెక్టు గుర్తొస్తుంది గానీ, నిజాంపట్నం పక్కన ఇంకో దిండి ఉంది. సూర్యలంక బీచి బాపట్లకు 9 కిలోమీటర్లు. అక్కడ వైమానిక దళం స్థావరం ఉంది, బోర్డు పెట్టిన చోట దాటి నడవకండి. ఒడ్డు నుంచి అలల్లోకి దిగి వేయాలన్న సరదా అసలే వద్దు, అక్కడి అడుగు గుంజుడుకు ఈత వచ్చినవాళ్ళే పోయారు. హంసలదీవి, నాగాయలంక వైపు మడ అడవులు కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంలోవి, అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలికి వెళ్ళేది లేదు. బావురుపిల్లి ఉండే అడవి అది, మనకన్నా బాగా చేపలు పడుతుంది.

మూడోది, మర్యాద అనండి, బతుకుతెరువు అనండి. ఏటికి అడ్డంగా కర్రలు పాతి వలలు కట్టి ఉంటాయి, పీతల బుట్టలకు సీసా బెండ్లు తేలుతుంటాయి. వాటికి 50 అడుగుల లోపల జిగ్ వేయకండి. గాలం వలలో దిగితే మీ జిగ్ పోవడం కాదు, వాళ్ళ వల చిరుగుతుంది. వల పెద్దమనిషిని ముందే పలకరిస్తే, ఏ కాలువ మూతి దగ్గర లోతు ఎంతో ఆయనే చెబుతాడు. ఆ సమాచారం ఏ ఫోరంలోనూ దొరకదు.

మూసీ_ఒడ్డు

నడక గురించి నేను మరిచిన. బురదల చెప్పులు ఒక్క అడుగుకే ఊడిపోతయి. ఉత్త కాళ్ళైతే ఆలిచిప్పలు కోస్తయి. లేసులున్న పాత కాన్వాసు బూట్లు, లోపల మందపు సాక్సులు. లేసులు మడమ పైకి చుట్టి కట్టాలె. నీళ్ళల్ల అడుగు ఎత్తి వెయ్యకు, నేలను రాసుకుంట జరుపు. టేకు చేప బురదల కప్పుకొని ఉంటది, పాదం పక్క నుంచి తగిలితే ఉరుకుతది, పై నుంచి తొక్కితే తోక ముల్లు దించుతది.

ముంచేది ఎదురుంగ వచ్చే నీళ్ళు కాదు, వెనక నిండే నీళ్ళు. మైదానం మధ్యల మిట్ట ఉంటది, ఒడ్డుకు మిట్టకు నడుమ పల్లం కాలువ ఉంటది. పోటు తిరగంగనే ముందు నిండేది ఆ పల్లం. నువ్వు మిట్ట మీద మడిమెల్లోతుల నిలబడి హాయిగ వేస్తుంటవు, ఎనుకకు చూస్తే నడుమెల్లోతు. పాటు అడుగంటి నీళ్ళు నిలిచిన నిమిషంల బయటికి రా, చేప తగుల్తున్నా సరే. జనవరిల పొద్దు 6 దగ్గరనే గూకుతది, చీకట్ల ఆ పల్లం కనపడదు.

సోమశిల_రేవు

సముద్రపు జెల్ల తగుల్తది, ఖాయం. మన జెల్ల లెక్కనే ఉంటది, వీపు మీద ఒకటి, రెక్కలకు రెండు ముండ్లు. రంపపు పండ్లుంటయి, విషం కూడా. చేతుల పట్టకు, బట్టతోని కూడా పట్టకు. పొడుగు ముక్కు పకారుతోని గాలం తిప్పి నీళ్ళల్లనే వదులు. గుచ్చుకుంటే 45 డిగ్రీల వేడినీళ్ళల్ల, ఇంకొకరు చెయ్యి పెట్టి చూసి కాలదన్నంక, అరగంట నుంచి గంటన్నర ఉంచాలె. నొప్పి దిగుతది. ఫ్లాస్కుల వేడినీళ్ళు పట్టుకపోండి, ఛాయ్‌కు కూడా పనికొస్తయి. ముల్లు లోపల విరిగితే ఇంటి వైద్యం వద్దు, ఆస్పత్రే, ధనుర్వాతం సూది కూడా.

పండుగప్పను ఎత్తేటప్పుడు చెంప మూతల వేళ్ళు పెట్టుడు మన బొచ్చెకు అలవాటు. దీనికి పెడితే వేళ్ళు తెగుతయి. కింది పెదవిని బొటనవేలుతోని పట్టు, లేదంటే వల గంప.

హాలియా_గాలం

మస్తు చెప్పిన్రు అన్నా. రీలు గురించి ఒక్క మాట. సాయంత్రం లాడ్జిల బకెట్ నీళ్ళల్ల ముంచి తీస్తే చాలదా?

పాలమూరు_రీలు

అదే చెయ్యొద్దు. ముంచితే ఉప్పు కరిగి లోపలికే పోతది. పైపు పెట్టి జోరుగ కొట్టుడు అంతకన్నా తప్పు, బేరింగుల్లకు నెడ్తది.

ముందు డ్రాగ్ నాబ్ పూర్తిగ బిగించు, లోపలి వాషర్లకు నీళ్ళు పోవు. చెంబుతోని పై నుంచి మెల్లగ పోసుకుంట హ్యాండిల్ 20 చుట్లు తిప్పు. దారం దాటే చిన్న రోలర్ మీద ఎక్కువ పొయ్యి, ముందు పట్టుకునేది అదే. మెత్తటి బట్టతోని తుడిచి, డ్రాగ్ పూర్తిగ వదులు చేసి, నీడల ఆరబెట్టు. బిగించి వదిలేస్తే వాషర్లు అతుక్కుంటయి, పొద్దున మొదటి చేపకే దారం జారక టపుక్కుమంటది. ఆరినంక రోలర్‌కు, హ్యాండిల్ నాబ్‌కు, బెయిల్ (దారం పట్టే తీగ) కీలుకు ఒక్కొక్క చుక్క రీలు నూనె. తుప్పు వదిలించే స్ప్రే కొట్టకు, లోపలి గ్రీజును కరిగిస్తది.

అల్లిక దారం ఉప్పును స్పాంజి లెక్క పీలుస్తది. ఇంటికొచ్చినంక పైన 40–50 మీటర్లు బకెట్లకు విప్పి నానబెట్టి మళ్ళ చుట్టు. ఇక్కడ మన తిప్పలొకటుంది. నల్లగొండ దిక్కు బోరునీళ్ళతోని కడిగితే ఉప్పు పోతది, తెల్లటి పొర పట్టుకుంటది. భగీరథ నల్లా నీళ్ళు, లేదంటే క్యాన్ నీళ్ళు రెండు లీటర్లు వాడు. వాడిన జిగ్‌లు, గాలాలు వేరే డబ్బల వెయ్యి. ఒక్క తడి గాలం పొడి డబ్బల పడ్డా వారానికి డబ్బంత ఎర్రగైతది.

హుజూర్‌నగర్_నుంచి_తీరానికి

తిరుగు ప్రయాణం నాలుగైదు గంటలు కాబట్టి ఐసు సంగతి చెప్పి ఆపేస్తాను. చేప దొరకగానే చెంప కింద కోసి రెండు నిమిషాలు ఏటి నీళ్ళలో రక్తం వదిలించండి. పేగులు, మొప్పలు ఒడ్డునే తీసేయండి. పొలుసు మాత్రం తీయకండి, అది ఉంటేనే తోలు ఎండదు. దిమ్మ ఐసు కాదు, నలగ్గొట్టిన ఐసు, కిలో చేపకు కిలో. అడుగున ఒక పొర, పొట్టలో గుప్పెడు, పైన ఇంకో పొర. థర్మకోల్ పెట్టె అడుగు మూలకు చిటికెన వేలంత చిల్లు పెట్టి, పెట్టెను ఆ మూల వైపు కాస్త వంచి ఉంచండి. కరిగిన నీళ్ళు బయటికి పోవాలి. అందులో నానితే మిర్యాలగూడ చేరేసరికి కండ తెల్లబడి మెత్తబడుతుంది, పులుసులో వేస్తే ముక్క నిలబడదు. కారు డిక్కీలో పెడితే చిల్లు కింద ఓ టబ్బు పెట్టుకోండి, ఆ వాసన ఉగాది దాకా పోదు.